ఊకెనే ఎక్కిన గుట్ట

మా ఆయన మస్కట్ నుంచి పూర్తిగా వచ్చేసిన ఏడాది ఎండాకాలంలో నేను గుట్టలెక్కడం నేర్చుకున్నాను. నేర్పమని నేనెవరినీ అడగలేదు. మల్లాపూర్ మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మను. పొద్దున కోరుట్లలో బస్సెక్కడం, బడిలో నిలబడి అరవడం, మళ్లీ బస్సులో నిలబడి ఇంటికి రావడం. ఇంతకుమించి నా కాళ్లకు వ్యాయామం అక్కర్లేదని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆయన ఎక్కువ రోజులు నిలవనివ్వలేదు.

ఆయన అక్కడ నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. కొండల మధ్య రోడ్లు వేసే చోటికి నీళ్లు మోయడం పని. పెళ్లయిన కొత్తలో బోర్లు ఎండిపోతే పోయిన మనిషి, రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చి పోతూ సగం జీవితం అక్కడే గడిపాడు. శుక్రవారం సెలవు. క్యాంపులో మిగతావాళ్లంతా నిద్రపోతే ఈయన ఒక మలయాళీ సూపర్‌వైజర్‌ను, ఒక నేపాలీ వంటమనిషిని వెంటబెట్టుకుని కొండలెక్కేవాడు. పైకి చేరాక వీడియో కాల్ చేసేవాడు. నేను ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి, పప్పుకు పోపు పెడుతూ చూసేదాన్ని. గడ్డిపరక కూడా మొలవని రాళ్లు. ఒకదాని మీద ఒకటి రాళ్లు. "మంచిగున్నయి" అనేదాన్ని. ఆ మాటను ఆయన నిజమనుకున్నాడు.

వచ్చిన కొత్తలో బాగానే ఉంది. కొన్నాళ్లు పోయాక ఆయనకు ఇల్లు కనబడడం మొదలైంది. సెలవు మీద వచ్చినప్పుడు చుట్టంలా కూర్చుని పెట్టింది తిన్న మనిషి, ఇప్పుడు బియ్యం డబ్బా ఈ మూలకెందుకుంది అని అడిగాడు. మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి డబ్బా ఇంకో మూలకు పోయింది. బట్టలారేసే తీగ కిందికి జారిందని పైకి కట్టాడు, ఇక నాకు అందదు. నల్లా వచ్చినప్పుడు మోటరు ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆపాలో నాకు నేర్పడానికి పూనుకున్నాడు. ఆ మోటరు కొన్నది నేను, దాన్ని బిగించడానికి వచ్చినవాడి వెంట నిలబడి పని చేయించుకున్నది నేను. ఆ ఇల్లు పునాది నుంచి పిట్టగోడ దాకా కట్టించింది కూడా నేనే. ఆయన దాన్ని ఫోన్‌లో చూశాడు.

ఈలోగా జగిత్యాలలో డాక్టరు పరీక్షలు చేయించి, షుగరు ఉందని గోలీలు రాసి, రోజూ నడవమన్నాడు. నడవమంటే కోరుట్లలో అందరూ పొద్దున్నే గ్రౌండు చుట్టూ నడుస్తారు. ఈయన రెండు రోజులు నడిచి, గుండ్రంగా తిరగడానికి నేనేమన్న గానుగెద్దునా అన్నాడు. చుట్టూ గిన్ని గుట్టలు పెట్టుకుని గ్రౌండుల తిరుగుడేందన్నాడు. నాకు లోపల సంతోషమే కలిగింది. గుట్టకు పోతే ఆ రెండు మూడు గంటలైనా నా వంటిల్లు నాకుంటుందనుకున్నాను. కానీ ఆయన మనసులో ఉన్నది అది కాదు.

"ఒక్కణ్ణి ఎట్ల పోత? కాలు జారితే చెప్పెటోళ్లు ఉండాలె గద," అన్నాడు.

చెప్పేవాళ్లంటే నేను.

ఉగాది పోయి ఒంటిపూట బడులు నడుస్తున్న రోజులవి. మోదుగుపూలు రాలిపోయాయి, వేపచెట్లు పూతమీదున్నాయి, పొద్దున పూట కాస్త చల్లగా ఉన్నట్టుండి అంతలోనే ఎండ ముదిరిపోయేది. మొదటిసారి చీరలో వెళ్లాను. పరికికంప నా కుచ్చిళ్లను పట్టుకుని వదల్లేదు. తర్వాత నుంచి మా అమ్మాయి పంజాబీ డ్రెస్సు వేసుకున్నాను. అమ్మాయి జగిత్యాలలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. తన డ్రెస్సు నేను వేసుకున్నానని ఫోన్‌లో విని చాలాసేపు నవ్వింది. మా పక్కింటావిడ నవ్వలేదు. గేటు దగ్గర నిలబడి నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఏమన్నా మొక్కా అని అడిగింది.

మమ్మల్ని ఎక్కించుకున్న షేర్ ఆటో అతనూ అదే అడిగాడు. గుట్ట దగ్గర దించమంటే, పైన ఏ దేవుడున్నాడన్నాడు. ఏ దేవుడూ లేడన్నాడు మా ఆయన. పొలముందా, మేకలు తప్పిపోయాయా, ఎవరినన్నా కలిసేదుందా అని ఒక్కొక్కటీ అడిగి, దేనికీ అవునన్న జవాబు రాక, "మరెందుకు సార్ పోవుడు?" అన్నాడు.

"ఊకెనే. ఎక్కి దిగుతం," అన్నాడు ఈయన.

ఆటో అతను అద్దంలో నా మొహం చూశాడు. నేను రోడ్డు చూశాను. పక్కన కూర్చున్న ముసలమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఇంట్ల పనేం లేదా బిడ్డా నీకు?" అని నన్ను అడిగింది. ఆయన్ను అడగలేదు.

గుట్ట మీద ఆయన పద్ధతి ఒకటుంది. ముందు తను గబగబా ఎక్కిపోతాడు. ఒక గుండు నీడన నిలబడి, చెమట తుడుచుకుని, నీళ్లు తాగి, నడుము మీద చేతులు పెట్టుకుని నా కోసం చూస్తాడు. నేను రొప్పుతూ, చేతులతో రాళ్లు పట్టుకుని పాకుతూ అక్కడికి చేరగానే, "ఆ, పా ఇగ" అని కదులుతాడు. అంటే ఆయనకు ప్రతి మలుపులో విశ్రాంతి. నాకు గుట్ట మొదట్నుంచి చివరిదాకా ఎక్కడా లేదు. ఈ సంగతి రెండు మూడు సార్లు చెప్పి చూశాను. నువ్వు నెమ్మదిగ వస్తానవ్ గద, అందుకే ఆగుతున్న అన్నాడు.

పైగా పాఠాలు. అడుగు మొత్తం ఆనించి వెయ్యాలట. రాయిని ముందు కాలితో తట్టి చూడాలట. కిందికి చూడొద్దట. వారమంతా పిల్లలకు చెప్పి చెప్పి వచ్చేదాన్ని, ఆదివారం నాడు నేను వినాల్సొచ్చింది.

అలా చిన్న చిన్న గుట్టలు మూడో నాలుగో అయ్యాక, బడులకు వేసవి సెలవులిచ్చిన మొదటి ఆదివారం, మల్లాపూర్ దారిలో ఉన్న పెద్ద గుట్ట ఎక్కాలన్నాడు. రోజూ బస్సులోంచి చూసే గుట్టే. ఒకవైపు నిట్టనిలువుగా, నల్లటి బండలు వరుసగా పేర్చినట్టు ఉంటుంది. దాన్ని మనుషులు ఎక్కుతారన్న ఆలోచనే నాకు ఎప్పుడూ రాలేదు. ఎండ రాకముందే ఎక్కేసి రావాలని ముందురోజే నన్ను తొందరపెట్టాడు. తెల్లవారకముందే నేను లేచి, చపాతీలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు చేసి డబ్బాలో పెట్టి సంచిలో సర్దాను. స్నానం చేసి తయారై వాకిట్లో నిలబడ్డాను. ఆయన ఇంకా సంచి సర్దుతూనే ఉన్నాడు. తాడు, విజిల్, టార్చిలైటు, కత్తి, మెడ మీదికి గుడ్డ వేలాడే టోపీ. పట్టపగలు టార్చిలైటు ఎందుకని అడిగితే, కొండల మీద ఏదెప్పుడు అవసరమొస్తదో తెల్వదన్నాడు. సంచి బరువెక్కిందని మళ్లీ అంతా తీసి, మళ్లీ సర్దాడు. మేం ఆటో దిగేసరికి సూర్యుడు చెట్ల పైకి వచ్చేశాడు. ఆలస్యం నాదేనన్నట్టు నా వైపు ఒక చూపు చూశాడు.

ఎక్కడం నిజంగానే కష్టమైంది. మొదట సీతాఫలం చెట్ల మధ్య మేకలు నడిచే బాట ఉంది. అది సగం దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడి నుంచి గుండ్ల మధ్య సందులు. ఒక చోట రెండు గుండ్ల నడుమ పక్కకు తిరిగితే తప్ప పట్టని ఇరుకు. ఇంకోచోట చేతులు పైకి చాపి అంచు పట్టుకుని, మోకాలితో తన్నుకుని లేవాలి. దాని తర్వాత ఒక పరుపుబండ. నాలుగైదు ఇళ్ల వాకిళ్లంత వెడల్పు, ఇంటికప్పంత వాలు. ఎక్కేటప్పుడు చేతులు కింద ఆనించి పాకాం కాబట్టి దాని వాలు అంతగా తెలియలేదు. బండకు ఒక చివర, రాతి పగుల్లో వేళ్లు దిగేసుకుని ఒక తునికిచెట్టు ఉంది. పండ్లు పసుపెక్కి ఉన్నాయి. చిన్నప్పుడు తిన్న పండ్లు. కోద్దామా అన్నాను. దిగేటప్పుడు చూద్దామని ఆయన ముందుకు పోయాడు.

పైన గాలి బాగా వీచింది. అది ఒప్పుకోవాలి. మొక్కజొన్న కోసిన చేన్లు, పసుపు ఆరబోసిన కల్లాలు, మామిడితోటలు, అక్కడక్కడ ఎండుతున్న చెరువులు. దూరంగా కోరుట్ల. ఆయన చెరువులు లెక్కపెట్టాడు, ఫొటోలు తీశాడు, నన్ను ఒక రాయి మీద నిలబెట్టి నవ్వమన్నాడు. ఆ తర్వాత ఊరివైపే వెతికి వెతికి, "మనిల్లు ఏదే?" అన్నాడు.

సెల్ టవరు పక్కన, రెండు నీలం ట్యాంకులు దాటాక, ఎర్ర రంగు మిద్దె వెనకాల అని చూపించాను. ఆయన చూశాడు. ఫోన్ కెమెరా దగ్గరికి లాగి చూశాడు. గదేనా, గా తెల్లదా అన్నాడు. కాదు, దాని వెనకాలిది. ఎన్నిసార్లు చెప్పినా పక్కవాళ్ల ఇంటినే చూపిస్తున్నాడు. నాకు విసుగొచ్చి, పోనీయ్, ఇంటికి పోయినంక చూసుకుందువు అన్నాను. ఆయన ఫోన్ జేబులో పెట్టేశాడు.

ఆ వెంటనే లేచి, అవతలి వైపు నుంచి దిగుదామన్నాడు. వచ్చిన దారి తెలుసు కదా అన్నాను. ఫోన్‌లో మ్యాప్ చూపించాడు. అటువైపు వాలు తక్కువట, దారి కనబడుతోందట, రోడ్డుకు దగ్గరట. అటువైపు క్వారీ ఉందని మా బడి పిల్లల తల్లిదండ్రులు అనగా విన్నాను. అదీ చెప్పాను. అది ఎప్పుడో మూసేసింటరులే అన్నాడు. మూసేస్తే మాత్రం గుట్ట మళ్లీ మొలుస్తుందా అని నేను అంటున్నా, ఆయన అప్పటికే దిగడం మొదలుపెట్టాడు.

చాలా దూరమే దిగాం. ముళ్లలో, జారే కంకరలో, ఒక్క నీడ లేని చోట. చివరికి ఆయన ఒక అంచున ఆగిపోయాడు. నేను వెనక నుంచి చేరి చూశాను. కింద గుట్ట లేదు. కత్తి పెట్టి కోసినట్టు నున్నగా, నిలువునా కోసేసిన రాయి. అడుగున పచ్చటి నీళ్లు. నీళ్ల పక్కన తుప్పు పట్టిన ఇనుప డ్రమ్ము ఒకటి. ఆదివారమే కాదు, ఏ వారమూ అక్కడికి మనిషి వచ్చే జాడ లేదు.

అనాల్సింది గుట్టంత ఉంది. వెనక్కి తిరిగాను.

మళ్లీ ఎక్కాం. అదే ముళ్లు, అదే కంకర, ఈసారి ఎండ నడినెత్తికి దగ్గరలో. మధ్యలో ఆయన కుడి బూటు నోరు తెరిచింది. కంపెనీవాళ్లిచ్చిన బూట్లు, ముందువైపు ఇనుము పెట్టినవి. ఏదో సెలవులో తెచ్చి అటక మీద పెట్టించాడు. ఉట్టిగా పడి ఉండి లోపల్లోపలే చివికిపోయినట్టున్నాయి. మడమ దగ్గర మొదలై అట్ట మొత్తం ఊడొచ్చింది. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని, మంచి కంపెనీది, ఎప్పుడూ ఇట్ల కాలేదే అన్నాడు. తాడు కోసి బూటుకు చుట్టి కట్టాడు. సంచిలో ఉన్నవాటిలో ఆ తాడూ, కత్తీ మాత్రమే పనికొచ్చాయి.

శిఖరం దాటి ఇవతలి వైపు దిగుతూ పరుపుబండ దగ్గరికి వచ్చేసరికి, ఆయన వెనకబడ్డాడు. ఎప్పుడూ ముందుండే మనిషి. నేను బండ సగం దాకా కూర్చుని జరుగుతూ వచ్చి, వెనక్కి తిరిగి చూస్తే, ఆయన బండ మొదట్లో కూలబడి ఉన్నాడు. మొహం నిండా చెమట. ఎండకు పట్టిన చెమట కాదు, నీళ్లు చల్లినట్టు ఉంది. చేతులు వణుకుతున్నాయి.

"ఏమైంది?" అని అడిగాను.

"ఏం గాలె. నువ్వు నడువు," అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెకు ఒకసారి అచ్చం ఇలాగే అయింది. షుగరు పడిపోయింది. అప్పుడు చక్కెర నీళ్లు తాగించి కూర్చోబెట్టాం. నేను పాకుతూ మళ్లీ పైకి వచ్చి, పొద్దున గోలీ వేసుకున్నావా అని అడిగాను. వేసుకున్నాడు. తిన్నావా? లేదు, లేటవుతుందని తినలేదు. సరే, మలీద ఉంది కదా అని సంచి విప్పాను. తాడు ముక్క, విజిల్, టార్చిలైటు, కత్తి, ఖాళీ అయిన నీళ్ల సీసా. డబ్బా లేదు.

"డబ్బా ఏది?"

"బరువైతాందని తీసి ఇంట్ల పెట్టిన."

ఆ నిమిషంలో నాకు వచ్చిన కోపం ఇంకెప్పుడూ రాలేదు. టార్చిలైటు ఉంచుకుని తిండి తీసేసిన మనిషిని ఏమనాలి? అనడానికి కూడా అది సమయం కాదు. ఆయన కళ్లు మూతలు పడుతున్నాయి, మళ్లీ తెరుచుకుని నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాయి. లేచి నిలబడబోయాడు. భుజం పట్టి కూర్చోబెడితే చెయ్యి విసిరికొట్టాడు. ఆ వాలులో లేస్తే ఎక్కడిదాకా పోతాడో నాకు కనబడుతూనే ఉంది. సంచి పట్టీని ఆయన నడుం బెల్టుకు వేసి, రెండో కొసను పక్కనున్న రాతి కొమ్ముకు తగిలించాను. అది ఆపుతుందని కాదు, లేవబోతే కాస్త అడ్డం పడుతుందని. కదలొద్దని, కదిలితే బిడ్డ మీద ఒట్టని చెప్పాను.

తునికిచెట్టు బండకు ఆ చివరన ఉంది. చెప్పులతో రెండడుగులు వేస్తే కాలు జారింది. విడిచేశాను. బండ పెనంలా కాలుతోంది. కూర్చుని జరిగితే చేతులు కాలుతున్నాయి, నిలబడితే అరికాళ్లు కాలుతున్నాయి. వంగి, నాలుగు కాళ్ల మీద, ఎక్కడ కాస్త గరుగ్గా ఉంటే అక్కడ వేళ్లు ఆనించి, అడ్డంగా పోయాను. కిందికి చూడొద్దన్న పాఠం గుర్తొచ్చి, చూడకుండా ఉండలేక చూశాను. సీతాఫలం చెట్లు గడ్డిపోచల్లా కనిపించాయి. ఏడుద్దామనుకున్నాను కానీ రెండు చేతులూ పనిలో ఉన్నాయి.

చెట్టు మొదలు పట్టుకున్నాక ఊపిరి పీల్చుకున్నాను. అందినవి అందినట్టు పండ్లు తెంపి చున్నీలో మూట కట్టి, మూట మెడకు వేసుకుని, అదే దారిన తిరిగి వచ్చాను. ఆయన అక్కడే ఉన్నాడు. పండు పెంకు పళ్లతో పగలగొట్టి, లోపలి గుజ్జు తీసి నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకున్నాడు.

"కడగకుంట తినద్దు," అన్నాడు.

"నోరు మూసుకొని తిను."

పెళ్లయినప్పటి నుంచీ ఆయన్ను ఆ మాట అనలేదు. ఆయన తిన్నాడు. గింజలు ఊయమంటే ఊశాడు, ఇంకోటి తిన్నాడు. ఒకటి వగరుగా ఉందని ఉమ్మాడు. అది వదిలేసి పండింది వెతికి పెట్టాను. చిన్నపిల్లలకు పెట్టినట్టు ఒక్కొక్కటే, మూటలో ఉన్నవన్నీ. టోపీతో మొహం మీద ఎండ పడకుండా అడ్డం పెట్టి, మాట్లాడిస్తూ కూర్చున్నాను. ఊరి పేరు అడిగాను, బిడ్డ పేరు అడిగాను. మొదట విసుక్కుంటూ, తర్వాత సరిగ్గా చెప్పాడు. చెమట ఆరింది. చేతుల వణుకు తగ్గింది. కాసేపటికి చుట్టూ చూసి, నడుముకు తగిలించిన పట్టీ చూసుకుని, ఇదేందన్నాడు.

దిగడానికి చాలాసేపు పట్టింది. నేను ముందు, ఆయన వెనక. కూర్చుని జరిగాం. ఎడమకాలు ఇక్కడ పెట్టు, ఆ పగుల్లో మడమ ఆనించు, ఇప్పుడు చెయ్యి వదులు అని నేను చెబుతుంటే మారుమాట్లాడకుండా చేశాడు. ఇరుకు సందులో ఇరుక్కుని ఒకచోట నా డ్రెస్సు, అంటే మా అమ్మాయి డ్రెస్సు, భుజం నుంచి మోచేతి దాకా చిరిగింది. రోడ్డు మీదికి వచ్చి, అక్కడున్న చిన్న కిరాణా కొట్టులో నీళ్లూ బిస్కెట్లూ తీసుకుని, చెట్టు కింద కూర్చున్నాం. అప్పుడు అమ్మాయి ఫోన్ చేసింది. ఆయనే ఎత్తాడు.

"ఏం లే బిడ్డా. మంచిగ ఎక్కినం, మంచిగ దిగినం. మీ అమ్మకే జర ఆయాసమచ్చింది, గంతే."

నా అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. గోళ్ల సందుల్లో తునికి జిగురు. చిరిగిన డ్రెస్సు చేతిని పట్టుకుని నేను ఆయన వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన ఫోన్‌లో ఇంకా చెబుతున్నాడు, అమ్మకు అలవాటు లేదు కదా, నెమ్మదిగా అలవాటైతదిలే అని. బస్సు రాగానే నేను ఆడవాళ్ల సీట్లలోకి పోయి కూర్చున్నాను. ఆయన వెనకాల నిలబడ్డాడు. కండక్టర్ ఆయన కాలికి చుట్టిన తాడు చూసి ఏదో అడిగాడు. ఆయన ఏం చెప్పాడో వినదలచుకోలేదు.

మర్నాడు జగిత్యాలకు తీసుకుపోయి, డాక్టరు ముందు జరిగిందంతా ఒక్కటి వదలకుండా నేనే చెప్పాను. డాక్టరు మందు మోతాదు తగ్గించాడు. ఆ గోలీ వేసుకుని తినకుండా ఉండడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమేనన్నాడు. తర్వాత, ఇంత ఎండలో గుట్టలెందుకు ఎక్కుతున్నారని అడిగాడు. మా ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "మా ఇంటామెకు ఇష్టం సార్," అన్నాడు.

బయటికి వచ్చాక ఆస్పత్రి మెట్ల మీదే నిలబెట్టి అడిగాను. బిడ్డతో అట్ల ఎందుకు చెప్పినవ్ అని.

"అది భయపడుతది."

"నాకు ఆయాసమంటే భయపడదా?"

"నీకేమైతదే. ఇన్నేండ్లు అన్ని ఒక్కదానివే చేసుకున్నవ్, నీకేమన్న అయితదంటే అది నమ్మది," అన్నాడు. పొగిడాడో తప్పించుకున్నాడో తెలియలేదు. తర్వాత ఎటో చూస్తూ అన్నాడు. "గుట్ట మీద మనిల్లు నాకు దొరకలే. నువ్వు సూపెట్టంగ సూపెట్టంగ దొరకలే. నీకు మొఖం సూపియ్యబుద్ధి గాక గా దిక్కు దిగిన."

ఆకలవుతోంది, పోయి టిఫిన్ చేద్దాం పా అన్నాను.

మే నెలలో మా చెల్లె వాళ్లింటికి సిరిసిల్ల పోయాం. చెల్లె భర్తకు సాంచెలున్నాయి. పగలంతా ఆ మరమగ్గాల చప్పుడులో మాట వినిపించదు. కరెంటు పోతేనే కబుర్లు. అలా కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, అందరూ వాకిట్లో కూర్చున్నప్పుడు, మా ఆయన గుట్ట కథ ఎత్తుకున్నాడు. నేను లోపల కూరగాయలు తరుగుతూ చెవి ఇటు వేశాను. నిజమే చెప్పాడు. గోలీ సంగతి, డబ్బా తీసేసిన సంగతి, గామె లేకుంటే నేను బండమీదనే ఉంటుంటినన్న మాట కూడా చెప్పాడు. నాకు కళ్లు తడయ్యాయి. అంతలో, ఆ తునికిచెట్టును ముందు చూసింది తనేనని, ఎక్కేటప్పుడే గుర్తు పెట్టుకున్నానని అన్నాడు.

కత్తి చేతిలోనే పట్టుకుని బయటికి వచ్చాను. చెట్టును ఎవరు చూశారో, కోద్దామంటే ఎవరు వద్దన్నారో అందరి ముందూ చెప్పాను. మా చెల్లె నవ్వి నవ్వి గోడకు ఒరిగింది. ఆయన తల గోక్కున్నాడు. తర్వాత మరిది వైపు తిరిగి, గంభీరావుపేట దిక్కు గుట్టలు ఎట్లుంటయి అని అడిగాడు.

మర్నాడు పొద్దున పోయాం. మరిది కూడా వచ్చాడు. జీవితమంతా సాంచెల దగ్గర నిలబడిన మనిషి, పావు దూరం కూడా ఎక్కకముందే మోకాళ్లు పట్టుకుని, మీరు పోయి రండి వదినా, నేను కింద ఆటోల కూసుంట అని వెనక్కి తిరిగాడు. మేమిద్దరం సగం దాకా ఎక్కామో లేదో, పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. గాలి దుమారం, వెనకే రాళ్లవాన. రెండు గుండ్ల కింద గుహలాంటి చోటు దొరికితే దూరాం. ఇద్దరం పట్టాలంటే మోకాళ్లు ముడుచుకుని ఒకరినొకరు ఆనుకుని కూర్చోవాల్సిందే. మేకల పెంట వాసన. వడగండ్లు బండ మీద పడి ఎగురుతున్నాయి. నా వీపు మీద ధారగా నీళ్లు కారుతున్నాయి. ఆయన ఒక వడగల్లును ఏరి నోట్లో వేసుకుని, నాకూ ఒకటి ఇచ్చాడు. సెలవుల్లో ఇంట్లో ఫ్యాను కింద పడుకోవాల్సినదాన్ని, ఈ రాళ్ల కింద మేకలా నక్కి కూర్చున్నానేంటని నన్ను నేనే తిట్టుకున్నాను.

వాన కాస్త తెరిపిచ్చింది. బండలన్నీ తడిసి నల్లగా మెరుస్తున్నాయి. ఆయన తల బయటపెట్టి పైకి చూశాడు, కిందికి చూశాడు. నా వైపు తిరిగాడు.

"దిగుదామా, ఎక్కుదామా? నువ్వే చెప్పు," అన్నాడు.

"ఇంత దూరమచ్చి దిగుతరా ఎవరన్న?" అని కసిరి, చున్నీ నడుముకు చుట్టుకుని లేచాను.